రాయిని తీసేశాను

మా నాయినమ్మ పాట ఇరవై ఎనిమిది సెకన్లు మిగిలింది. నలభై నిమిషాలకు పైగా ఉండాల్సింది. మిగతాది దొంగలు ఎత్తుకుపోలేదు, వాన నీళ్లలో తడవలేదు. నేనే పోగొట్టాను. ఒక్కసారిగా కాదు, నాలుగు విడతలుగా, ప్రతిసారీ మంచి పనే చేస్తున్నాననుకుంటూ పోగొట్టాను. ఆ నాలుగు విడతలూ వరసగా ఒప్పుకోవాలని చాలా కాలంగా మనసులో ఉంది.

మాది జహీరాబాద్ దాటాక వచ్చే చిరాగ్‌పల్లి. హైదరాబాద్ నుంచి ముంబై వైపు పోయే పెద్ద రోడ్డు మీద, మన రాష్ట్రం కొసన ఉన్న ఊరు. మమ్మల్ని దాటితే కర్ణాటక. చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి ఆగేవి. 2010 ప్రాంతంలో అక్కడే నాకో చిన్న షాపు ఉండేది. ఫోన్లకు రీచార్జి చేసేవాణ్ని, చిప్పుల్లో పాటలు ఎక్కించేవాణ్ని. డ్రైవర్లు చిప్పు నా చేతిలో పెట్టి, కాగితాల పని అయ్యేలోపు పాటలు నింపి ఉంచమని చెప్పి చాయ్ తాగడానికి పోయేవాళ్లు. తెలుగు, కన్నడ, మరాఠీ, హిందీ, ఎవరికి ఏవి కావాలంటే అవి. ఆ పాటలు పాడినవాళ్లకు, కట్టినవాళ్లకు ఒక్క రూపాయి పోలేదు. అది కూడా తప్పేనని నాకు తర్వాతెప్పుడో తట్టింది.

నాలుగు జీబీ చిప్పులో ఐదేసి నిమిషాల పాటలు ఎన్ని పడతాయో లెక్క నాకు నోటికి వచ్చేది. సెకనుకు 128 కిలోబిట్లు, అంటే 128 కేబీపీఎస్‌లో అయితే పాటకు 4.8 ఎంబీ, సుమారు ఎనిమిది వందల పాటలు. 64కు తగ్గిస్తే వాటికి రెట్టింపు. డ్రైవరుకు సంఖ్య ముఖ్యం కాబట్టి తగ్గించి నింపేవాణ్ని. ఇంజను హోరులో ఎవరికీ తేడా తెలిసేది కాదు. మూడేళ్లు ఆ పని చేశాక, సౌండు గురించి ఈ చుట్టుపక్కల నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నమ్మాను. ఊళ్లో వాళ్లూ అదే అనేవాళ్లు. ఆ నమ్మకంతోనే నాయినమ్మ పాట దగ్గరికి పోయాను.

మా ఎర్రనేలల్లో కంది బాగా పండుతుంది. కొత్త కందులు ఇంటికి వచ్చాక నాయినమ్మ వాటిని నానబెట్టి, ఆరబెట్టి, విసుర్రాయిలో వేసి పప్పు చేసేది. ఎదురుగా పక్కింటి పెద్దమ్మ కూర్చునేది. ఇద్దరి చేతులూ ఒకే పిడి మీద ఉండేవి. ఒకరు తిప్పుతూ ఉంటే ఇంకొకరు పిడికెడు గింజలు పోసేవాళ్లు. రాయి రెండు చుట్లు తిరిగేసరికి పాట మొదలయ్యేది. పుట్టింటి మాట, పోయిన బిడ్డ మాట, కరువు మాట, దేవుడి మీద అలిగిన మాట అన్నీ అందులో ఉండేవి. ఎక్కడా రాసి లేవు. నాయినమ్మకు అక్షరం రాదు. ఆమెకు వాళ్లమ్మ నేర్పింది కూడా లేదట. రాయి దగ్గర కూర్చుని కూర్చుని వచ్చేశాయని చెప్పేది.

మొదటి విడత 2011 సంక్రాంతి రోజుల్లో. వాళ్లిద్దరూ కందులు విసురుతుంటే నా ఫోను జేబులోంచి తీసి గోడవారగా పెట్టి రికార్డింగ్ బటన్ నొక్కాను. ఇరవై మూడు నిమిషాలు వచ్చింది. ఫైలు చూస్తే రెండు ఎంబీ పైచిలుకు. ఇంత చిన్నగా వచ్చిందే అని సంతోషించాను. అనుమానం రావాల్సింది అక్కడే.

డిజిటల్ రికార్డింగ్ అంటే కొలత. ధ్వని గాలిలో ఒత్తిడిగా వచ్చి మైకును తాకుతుంది, మైకు దాన్ని కరెంటు హెచ్చుతగ్గులుగా మారుస్తుంది. యంత్రం ఆ హెచ్చుతగ్గులను క్రమం తప్పకుండా కొలిచి ఒక్కో కొలతను ఒక్కో అంకెగా రాసుకుంటుంది. యంత్రంలో పాట ఉండదు, ఆ అంకెల వరస ఉంటుంది. వినిపించేటప్పుడు ఆ అంకెల నుంచి మళ్లీ కరెంటు, కరెంటు నుంచి స్పీకరు కదలిక, దాని నుంచి గాలి. కాబట్టి రెండు విషయాలు మొదట్లోనే తేలిపోతాయి: సెకనుకు ఎన్నిసార్లు కొలిచాం, ఒక్కో కొలతను ఎంత సన్నంగా రాశాం. 1982లో బజారులోకి వచ్చిన సీడీ సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతకు 16 బిట్లు, అంటే 65,536 మెట్లు. హ్యారీ నైక్విస్ట్ 1928లో వేసిన పునాది మీద క్లాడ్ షానన్ 1949లో నిరూపించి చూపిన సూత్రం ఒకటుంది. ధ్వనిలోని అత్యంత వేగమైన కంపనానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే ఆ ధ్వనిని అంకెల నుంచి పూర్తిగా రాబట్టవచ్చు. మనిషి చెవికి సెకనుకు 20,000 కంపనాల దాకా వినబడుతుంది. సీడీ కొలత దానికి సరిపోతుంది.

నా ఫోను సెకనుకు 8,000 సార్లే కొలిచింది. అంటే 4,000 కంపనాలకు పైన ఉన్నది ఏదీ అందులోకి రాలేదు. రానివ్వకూడదు కూడా. పరిమితి దాటిన కంపనాలను కొలవనిస్తే అవి వేరే కంపనాల వేషంలో దొంగ ధ్వనులుగా తిరిగొస్తాయి. అందుకని కొలతకు ముందే ఒక జల్లెడ ఉంటుంది. జల్లెడ పైన ఆగింది గాదెలోకి చేరనే చేరదు. ఆ తర్వాత గాదెను ఎంత వెతికినా దొరకదు. నాయినమ్మ చేతి గాజుల చప్పుడు ఆ జల్లెడ పైనే ఆగిపోయింది. గాజు గాజును తాకితే వచ్చే మెరుపంతా 4,000కు పైనే ఉంటుంది. ‘స’ అనేటప్పుడు పళ్ల సందుల్లోంచి వచ్చే ఊపిరీ ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఆ రికార్డింగులో నాయినమ్మ ‘స’కూ ‘శ’కూ తేడా వినబడేది కాదు.

అంతకంటే పెద్దది ఇంకోటి. ఆ ఫోను వాడిన ఏఎంఆర్ పద్ధతి ఫోను మాటల కోసం చేసింది. అది ధ్వనిని ఉన్నదున్నట్టు దాచదు. మనిషి గొంతు ఎలా పలుకుతుందో ఒక నమూనా పెట్టుకుని, వచ్చిన ప్రతి ధ్వనినీ ఆ నమూనాలో ఇమిడ్చి, ఆ వివరాన్నే రాసుకుంటుంది. అందుకే సెకనుకు 12,200 బిట్లతో సరిపెట్టగలదు. సీడీకి, కుడి ఎడమ చానెళ్లు రెండూ కలిపి, సెకనుకు 14,11,200 బిట్లు కావాలి. మాటకు ఆ పద్ధతి చాలా తెలివైనది. కానీ విసుర్రాయికి గొంతు లేదు. యంత్రం రాయిని కూడా మనిషి అనుకుంది. తిరిగి విన్నప్పుడు రాయి చప్పుడు ఎవరో గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తున్నట్టు వచ్చింది. నా సెట్టింగు తప్పని నాకు తోచలేదు. రాయిదే తప్పనుకున్నాను.

రెండో విడతకు ఆ తీర్మానంతోనే దిగాను. 2012లో హైదరాబాద్ కోఠికి పోయి చేతిలో పట్టే చిన్న డిజిటల్ రికార్డరు కొన్నాను. అది 44,100 సార్లు కొలిచేది, 16 బిట్లతో రాసేది. ఈసారి అంతా శుభ్రంగా రావాలని నాయినమ్మను రాయి దగ్గరి నుంచి లేపి, లోపలి గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఫ్యాను ఆపాను, కిటికీ మూశాను.

“రాయి సప్పుడు పాటలవడ్తుంది నాయినమ్మా. అది లేకుండ పాడు,” అన్నాను.

“రాయి లేకుంట పాట యాడికెల్లి వస్తది బిడ్డా?” అంది.

ఆమె నన్ను అడిగింది. నేను దాన్ని ముసలితనపు మాటగా తీసుకున్నాను. అయినా నా కోసం పాడింది. రెండు చరణాలు పాడి ఆగిపోయేది, తర్వాతి మాట అందేది కాదు. చేతులు ఒడిలో ఊరికే ఉండలేక కొంగు కొసను తిప్పుతూ ఉండేవి. పదం పదానికీ మధ్య ఎంత ఆగాలో రాయి చెప్పేది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గింజలు పోసే చెయ్యి చెప్పేది. ఆ రెండింటినీ తీసేసి పాట ఒక్కటే కావాలని అడిగాను. గొంతు సన్నగిల్లుతుంటే “గట్టిగ పాడు” అన్నాను. పాపం, గట్టిగా పాడింది.

అప్పుడు ఇంకో తప్పు చేశాను. చిన్నప్పుడు పెళ్లిళ్లలో క్యాసెట్ రికార్డింగ్ చేసే పెద్దమనిషి వెంట తిరిగినవాణ్ని. మీటరు ముల్లు ఎర్రగీతను తాకుతూ ఉండాలని ఆయన చెప్పేవాడు. క్యాసెట్‌కు అది మంచి మాట. టేపులో ఎప్పుడూ సన్నని బుసబుస ఉంటుంది. పాట లెవెల్ పెంచితే అది అణిగిపోతుంది. లెవెల్ కాస్త మీరినా టేపు మెల్లమెల్లగా బిగుసుకుంటుందే తప్ప ఒక్కసారిగా తెగదు. డిజిటల్‌లో అలా కాదు. 16 బిట్లలో అంకె 32,767 దాటి పోలేదు. మా రోడ్డు మీద ధర్మకాంటా అరవై టన్నులకే ఆగిపోయేదనుకోండి. అరవై ఐదు టన్నుల లారీ ఎక్కినా అరవై అనే చూపిస్తుంది, డెబ్బై ఎక్కినా అరవై అనే. ఎంత మీరిందో ఎప్పటికీ తెలియదు. అలాగే అల శిఖరం ఉన్నచోట కత్తితో కోసినట్టు చదునైపోతుంది. చెవికి అది గొంతు పగిలినట్టు వినబడుతుంది. ఎర్రదీపం వెలుగుతుంటే బాగా వస్తోందని తల ఊపాను. పద్దెనిమిది నిమిషాలు వచ్చాయి. ఆమె ఎత్తుకున్న ప్రతి పైస్వరం పగిలిపోయింది.

లెవెల్ తగ్గించి ఉంటే ఏం పోయేది? ఒక్కో బిట్‌కు ఆరు డెసిబెల్స్ చొప్పున 16 బిట్లకు 96 డెసిబెల్స్ చోటుంది. పైన పన్నెండు వదిలేసినా ఎనభై నాలుగు మిగిలేది. నేను పుట్టిబుద్ధెరిగి విన్న ఏ క్యాసెట్‌కూ అంత చోటు లేదు. అంత విశాలమైన ఇల్లు చేతికిస్తే, పాత ఇంటి అలవాటుతో ఆమెను తల కప్పుకు తగిలేలా నిలబెట్టాను.

మూడో విడత శుభ్రం చెయ్యడం. పగిలిన రికార్డింగ్ ఎలాగూ బాగాలేదు కాబట్టి మళ్లీ మొదటి ఫైలు దగ్గరికి వచ్చాను. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేసుకున్నాను. అందులో చప్పుడు తొలగించే పనిముట్టు ఉంటుంది. పాట లేని చోట, రాయి ఒక్కటే తిరుగుతున్న రెండు సెకన్లు దానికి చూపించి ఇదే చెత్త అని చెప్పాను. అది ఆ చప్పుడులో ఏ కంపనాలు ఎంతెంత ఉన్నాయో లెక్క తీసి, ఫైలంతటా ఆ స్థాయికి తక్కువగా ఉన్నవాటిని అణిచేస్తుంది. ఫ్యాను రొద లాంటి మారని చప్పుడుకు బాగా పనిచేస్తుంది. రాయి మారకుండా తిరగదు. గింజ పడ్డప్పుడు ఒకలా, నలిగాక ఒకలా, ఖాళీగా తిరిగేటప్పుడు ఇంకోలా పలుకుతుంది. అందుకని పనిముట్టును ఇంకా గట్టిగా తిప్పాను. రాయి పోయింది. రాయితో పాటు నాయినమ్మ గొంతులో మెత్తగా దిగే చరణాల కొసలూ పోయాయి. రాయి స్థాయికి తక్కువగా ఉన్న ప్రతిదీ దాని లెక్కలో రాయే. రాయి ఉన్న చోట నీటి బుడగల్లాంటి టింగుటింగులు మిగిలాయి.

ఆ ఫైలునూ పగిలిన ఫైలునూ రెండింటినీ 64 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చాను. డ్రైవర్ల చిప్పులకు చేసినట్టే. ఎంపీ3లో ఉన్న కిటుకు మనిషి చెవి బలహీనత మీద నిలబడింది. ఒక పెద్ద ధ్వని పక్కన చిన్న ధ్వని మనకు వినబడదు, కాబట్టి ఆ చిన్నదాన్ని రాయకపోయినా పరవాలేదు. జర్మనీలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన తోటివాళ్లు ఈ పద్ధతిని సానబెడుతున్నప్పుడు సుజాన్ వేగా పాడిన ‘టామ్స్ డైనర్’ను పరీక్షకు పెట్టుకున్నారు. వాద్యమేదీ లేకుండా ఒంటరిగా పాడే ఆడగొంతు అది. ఆ గొంతు మొదట్లో చాలా అధ్వానంగా వచ్చిందట. వాద్యాల రొద ఉంటే దాని చాటున లోపాలు దాక్కుంటాయి, ఒంటరి గొంతుకు చాటు ఉండదు. ఆ పద్ధతిని కనిపెట్టినవాళ్లే అన్నిటికంటే కష్టమని పెట్టుకున్న పరీక్ష అది. నేను మా నాయినమ్మ ఒంటరి గొంతును తీసుకుని, సినిమా పాటలకు కూడా చాలని కొలతలోకి కుదించాను.

ఆ రోజే 28 సెకన్ల ముక్క ఒకటి కత్తిరించి నాయిన ఫోనులో రింగుటోనుగా పెట్టాను. నాయిన మురిసిపోయాడు. అది చూసి నా పనితనం మీద నాకు ఇంకా నమ్మకం పెరిగింది.

నాలుగో విడత అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే పెద్దది. కంప్యూటర్‌లో చోటు చాలలేదు. కొత్త సినిమా పాటలు ఎక్కించాలి. ఎలాగూ శుభ్రం చేసినవి ఉన్నాయి కదా అని అసలు ఫైళ్లు రెండూ తుడిచేశాను. ఎంపీ3 ఒకసారి పారబోసినదాన్ని ఏ మార్పిడీ తిరిగి తేలేదు. తర్వాత దాన్ని 320కి మార్చినా, సెకనుకు 96,000 కొలతల ఫైలుగా మార్చినా గిన్నె పెద్దదవుతుంది, గింజలు పెరగవు. ఇది తెలియక కాదు. తెలిసే తుడిచాను, ఎందుకంటే అప్పటికి నా లెక్కలో నాయినమ్మ పాట కూడా ఒక ఫైలే. 2013లో నాయినమ్మ పోయింది. మరుసటి ఎండాకాలం కరెంటు పోతూ వస్తూ ఉన్న ఒక మధ్యాహ్నం హార్డ్ డిస్కు టక్కుటక్కుమని ఆగిపోయింది. నాయిన ఫోనులోని ముక్క తప్ప రెండో కాపీ ఎక్కడా లేదు. డిస్కు మీద నింద వెయ్యలేను. అది ఆగేసరికే అందులో నాయినమ్మ చాలా తక్కువ మిగిలి ఉంది.

నేను ఏం పోగొట్టానో నాకు రేడియో చెప్పింది. ఆమె పోయిన ఏడాదే, ఒక సాయంత్రం బంధువుల ఇంట్లో కూర్చుని ఉంటే 90.4లో సంఘం రేడియో వస్తోంది. ఎవరో అమ్మ విసుర్రాయి పాట పాడుతోంది. రాయి తిరుగుతోంది. గింజ పడుతోంది, నలుగుతోంది. గాజులు గలగలమంటున్నాయి. ఎఫ్ఎం 15,000 కంపనాల దాకా మోయగలదు కాబట్టి అవన్నీ వచ్చాయి. రాయి ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా పాట ఆగుతోంది, చుట్టు పూర్తి కాగానే మళ్లీ ఎత్తుకుంటోంది. పాటకు తాళం రాయే. నేను చెత్త అని చూపించి తీయించింది ఆ తాళాన్ని. అక్కడ ఇంకాసేపు కూర్చోలేక లేచి బయటికి వచ్చాను.

ఆ రేడియో మాకు దూరమేం కాదు. జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్‌లో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లది. 2008 అక్టోబర్ 15న మొదలైంది. ఒక స్వచ్ఛంద సంస్థకు లైసెన్సు వచ్చి, మన దేశంలో ప్రసారం ప్రారంభించిన మొదటి కమ్యూనిటీ రేడియో అదే. గాలి తరంగాలు జనం సొత్తు అని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి.సావంత్ దాన్ని ప్రారంభించారు. నడిపినవాళ్లు ఇద్దరు దళిత ఆడబిడ్డలు, జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. లైసెన్సు రాకముందే, 1990ల చివరి నుంచి, ఈ ఆడవాళ్లు వందల గంటల పాటలూ మాటలూ క్యాసెట్లలో పట్టి సంఘాల్లో కూర్చుని వినిపించుకునేవాళ్లు. విత్తనం మాట, పంట మాట, రోగం మాట, పండుగ మాట అన్నీ అందులో ఉండేవి. నేను చెక్‌పోస్టు దగ్గర కూర్చుని సౌండు నాకే తెలుసనుకుంటున్న రోజుల్లో, కొద్ది మైళ్ల దూరంలో మా నాయినమ్మ వంటి వాళ్లే మైకు పట్టుకుని రాయి దగ్గరికి పోతున్నారు. రాయిని మైకు దగ్గరికి రమ్మనలేదు. వాళ్లు అక్కడే ఉన్నారు, నేను ఒక్కసారి కూడా పోయి అడగలేదు. నా అజ్ఞానానికి వంక చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

ఇప్పుడు షాపు లేదు. ఖాళీ దొరికినప్పుడల్లా చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద వయసు అమ్మలు ఎక్కడ పని చేస్తుంటే అక్కడికే పోయి కూర్చుంటాను. నాటు వేస్తుంటే గట్టు మీద, చేట చెరుగుతుంటే అరుగు మీద. సెకనుకు 48,000 కొలతలు, 24 బిట్లు, లెవెల్ ఎప్పుడూ తక్కువ. పాట ఆపి మాట్లాడుకున్నా, మేక అరిచినా, పిల్లవాడు ఏడ్చినా ఆపను, కొయ్యను. ఇంటికి రాగానే మూడు చోట్ల కాపీలు పెడతాను, అందులో ఒకటి ఇంకో ఊళ్లో. పాడినామె ఇంటికి ఒకటి ఇస్తాను. శుభ్రం చేసిన ఫైలు ఎంత బాగున్నా అసలుదాన్ని తుడవను. ఇవేవీ గొప్ప విద్యలు కావు. 2011లోనే నా చేతిలో ఉన్న విషయాలు.

నాయిన దగ్గర ఆ పాత బటన్ల ఫోను ఇప్పటికీ ఉంది. రింగుటోను అదే. కిందటేడు దాన్ని కంప్యూటర్‌లోకి తీసుకుంటానంటే నాయిన చాలాసేపు ఇవ్వలేదు.

“దాన్ని ఏం జెయ్యకు. ఎట్లున్నదో అట్లనే ఉండనియ్యి,” అన్నాడు.

ఏమీ చెయ్యలేదు. కాపీ ఒక్కటే తీశాను. క్యాసెట్‌ను కాపీ తీస్తే ప్రతిసారీ కొంత అరిగేది. అంకెలకు ఆ అరుగుదల లేదు. ఫోనులో ఉన్న ఫైలుకూ నా దగ్గరున్న ఫైలుకూ లెక్క సరిచూసుకున్నాను, ఒక్క బిట్ కూడా తేడా లేదు. నేను దాన్ని ఎంత పాడు చేశానో అంత పాడుగానే, కచ్చితంగా అలాగే ఉంది.

ఈ సంక్రాంతికి మా అమ్మ అటక కింది విసుర్రాయిని దొర్లించి తెచ్చి కడిగి, శేరు కందులు పోసి విసిరింది. అమ్మకు పాటలు రావు. రాయి ఒక్కటే తిరిగింది. పక్కన కూర్చుని మొత్తం రికార్డు చేశాను, అమ్మ గాజులతో సహా. ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు నాయినమ్మ ఇరవై ఎనిమిది సెకన్ల కింద ఈ రాయి చప్పుడును పరిస్తే ఎలా ఉంటుందా అని ఒక ఆశ పుట్టింది. చెయ్యడం తెలుసు, పది నిమిషాల పని. కానీ ఇది అమ్మ తిప్పిన రాయి. నాయినమ్మ ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఊపిరి తీసుకుందో ఈ రాయికి తెలియదు. రెండు ఫైళ్లకూ పేర్లు, తేదీలు రాసి ఒకే ఫోల్డరులో పక్కపక్కన పెట్టాను. కలపలేదు.